గోడమీది ఫోటో, ఇంట్లో స్కానరు



పోయిన నెల ఈ పేజీలో చెదల నుండి పుస్తకాలనూ బట్టలనూ కాపాడుకోవడం గురించి వ్రాశాము. అది చదివి ఒక సహోదరి ఉత్తరం వ్రాశారు. "మా అమ్మగారి ఫోటో ఒక్కటే మిగిలింది. ఏటికేడు తెల్లబడిపోతోంది. స్టూడియోకిచ్చి కాపీ తీయిద్దామంటే, అక్కడ పోతే మళ్ళీ దొరకదు, మనసొప్పడం లేదు. ఇంట్లోనే చేసుకునే దారేమైనా ఉందా?" అని అడిగారు.

ఉంది. అయితే ఆ దారి చెప్పేముందు మేము చేసిన తప్పు చెప్పాలి. ఈ పని మేము పుస్తకం చదివి నేర్చుకోలేదు. ఒక ఫోటో పాడుచేసుకుని నేర్చుకున్నాము.

మా పిల్లలతోపాటు మేము కూడా మామ్మ అనే పిలిచే మా ఇంటి పెద్దావిడది దివిసీమ. ఆమె పుట్టింటివారందరూ కలిసి తీయించుకున్న ఫోటో ఒకటి మా ముందు గదిలో గోడకు ఉంటుంది. 1971లో తీసింది. ఆమె తల్లిదండ్రులు కుర్చీలలో కూర్చున్నారు, వెనుక ముగ్గురు అక్కచెల్లెళ్ళు నిలబడ్డారు. మామ్మ చంకలో ఉన్న పసివాడు మా ఇద్దరిలో ఒకరు. కుడివైపు చివర నిలబడిన ఆఖరి చెల్లెలికి అప్పటికి పెళ్ళి కాలేదు. తరువాత సముద్రానికి దగ్గర ఊరికి ఇచ్చారు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆమె, ఆమె భర్త, బిడ్డ ముగ్గురూ పోయారు. ఆమెకు ఇంకొక ఫోటో లేదు.

ఆ ఉప్పెన నాడు మామ్మ పుట్టింట్లోకి కూడా నీళ్ళు వచ్చాయి. గోడమీది ఫోటో బురదలో పడింది. నీళ్ళు తీశాక ఎవరో దాన్ని తీసి, తుడిచి, అద్దంతో సహా ఎండలో పెట్టారు. అప్పుడు ఎవరికి ఏమి తెలుస్తుంది? ఫోటో మీద బొమ్మ ఉండే పొర జెలటిన్‌తో చేసినది. అది తడిస్తే మెత్తబడి జిగురులా అవుతుంది. ఆరేటప్పుడు దేనికి ఆనుకుని ఉంటే దాన్నే పట్టుకుంటుంది. అలా ఆ ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. నలభై ఏళ్ళకు పైగా అలాగే గోడమీద ఉంది.

2021లో మేము ఒక చిన్న స్కానరు కొన్నాము. అయిదారు వేల రూపాయలలో వచ్చింది. క్రొత్త వస్తువు ఇంట్లోకి వస్తే ఉండే తొందర మీకు తెలుసు కదా. మొట్టమొదట ఆ ఫోటోనే చేయాలనుకున్నాము. ఫ్రేము వెనుక మేకులు పీకి, అట్ట తీసి, ఫోటో ఊడి రాకపోయేసరికి ఒక మూల సన్నగా బ్లేడు పెట్టి లాగాము. చిన్న చప్పుడుతో వచ్చింది. వచ్చింది కాగితం మాత్రమే. మా చేతిలో తెల్లటి పీలిక ఉంది. చెల్లెలి కుడి చెయ్యి, మోచేతి దాకా, కాగితం మీద లేదు.

ముఖానికి ఇంకా రెండంగుళాలుంది. అక్కడితో ఆగాము. మామ్మ మంచం మీద నుండి అంతా చూస్తూనే ఉంది. కోప్పడి ఉంటే బాగుండేది. "సరేలెండి, ఇక చాలు. ఎక్కడిదక్కడ పెట్టండి" అన్నది, అంతే.

అందుచేత అమ్మ ఫోటో గురించి అడిగిన సహోదరికి మేము మొదట చెప్పేది ఇది. మీ ఫోటో అద్దానికి అతుక్కుని ఉంటే లాగకండి. నీళ్ళలో నానబెడితే ఊడుతుందని చెప్పేవారున్నారు. ఒక్కోసారి ఊడుతుంది, ఒక్కోసారి బొమ్మే చెదిరిపోతుంది. ఒక్కటే ప్రతి ఉన్నప్పుడు ఆ పరీక్ష వద్దు. అద్దంతో సహా స్కాన్ చేయండి, లేదా అద్దంతో సహా ఫోటో తీయండి. ఆ తరువాత చూసుకోవచ్చు.

ఇక స్కానరు సంగతి. చూడడానికి పెద్ద పలకలా, పైన మూతతో ఉంటుంది. మూత ఎత్తితే అద్దం. కాగితాన్ని ముఖం క్రిందికి ఉండేట్టు అద్దం మీద బోర్లించి మూత వేస్తాము. అద్దం క్రింద ఒక కమ్మీ మెల్లగా జరుగుతుంది. ఆ కమ్మీలో దీపమూ, కాగితం వెడల్పున వరుసగా అమర్చిన చిన్న చిన్న కళ్ళూ ఉంటాయి. ఒక్కొక్క గీతే చదువుకుంటూ పోతుంది. పొలంలో సాళ్ళు పోసుకుంటూ పోయినట్టన్నమాట. చివరికి ఆ గీతలన్నీ కలిసి కంప్యూటరులో బొమ్మ అవుతాయి.

ఇంట్లో ప్రింటరు ఉన్నవారు ఒకసారి దాని పైభాగం చూడండి. మూత ఎత్తితే అద్దం ఉంటే అది కూడా స్కానరే. క్రొత్తది కొననక్కరలేదు. జిరాక్సు తీయడానికి తప్ప దాన్ని వాడనివారు చాలామంది ఉన్నారు.

స్కానర్లలో రెండు జాతులున్నాయి. ఇప్పుడు తక్కువ ధరకు దొరికే పలుచటి వాటిలో, అంటే కెనాన్ వారి లైడ్ రకం, ఎప్సన్ వారి వి39 వంటివాటిలో, కళ్ళు అద్దానికి బాగా దగ్గరగా ఉంటాయి. వీటిని సి.ఐ.ఎస్. రకం అంటారు. రెండోది సి.సి.డి. రకం. దానిలో అద్దాలూ కటకమూ ఉండి కెమెరాలా పనిచేస్తుంది. అందుకే పెట్టె ఎత్తుగా, బరువుగా ఉంటుంది, ధర కూడా ఎక్కువ. పలుచటి రకంతో లాభమేమంటే, కరెంటు తీగ వేరే అక్కరలేదు. లాప్‌టాప్‌కు కలిపే యు.ఎస్.బి. తీగలోనే దానికి కావలసిన కరెంటు వస్తుంది. మా ఊళ్ళో కరెంటు పోయిన మధ్యాహ్నాలలో కూడా లాప్‌టాప్‌లో చార్జింగు ఉన్నంతసేపు పని చేసుకున్నాము. రెండు కిలోలు తూగదు, సంచిలో పెట్టుకుని బస్సెక్కవచ్చు.

నష్టం కూడా చెప్పాలి. పలుచటి రకం తన అద్దానికి ఆనుకున్నదాన్నే స్పష్టంగా చూస్తుంది. కాస్త ఎడమైతే మసక. లావుపాటి పుస్తకం నడిమి మడత దగ్గర అక్షరాలు అలుక్కుపోతాయి. మా ఫోటోతో మాకు ఎదురైనది కూడా అదే. ఫ్రేము అద్దం మందమంత ఎడం ఉండడంతో ముఖాలన్నీ పొగమంచులో ఉన్నట్టు వచ్చాయి. ఎన్నిసార్లు చేసినా అంతే. స్కానరు చెడిపోయిందేమో అనుకున్నాము. చెడిపోలేదు, దాని చూపే అంత.

చివరికి ఆ ఫోటోను అద్దంతో సహా దుప్పటిలో చుట్టుకుని విజయవాడ వెళ్ళాము. ఒక స్టూడియోలో పాతకాలపు బరువైన సి.సి.డి. స్కానరు ఉందని తెలిసింది. మా చేతితోనే పెట్టి, మా చేతితోనే తీసుకుంటామని ముందే అడిగాము. ఆ అబ్బాయి నవ్వి, పక్కన స్టూలు వేశాడు. స్టూడియోకి ఇవ్వడానికి భయపడే సహోదరి ఇలా అడగవచ్చు. పదిమందిలో తొమ్మిదిమంది కాదనరు.

అక్కడ మేము అనుకోనిది ఒకటి జరిగింది. కాగితం ఊడి వచ్చిందే గాని, బొమ్మ ఉన్న పొర అద్దం మీదే ఉండిపోయిందట. మేము చూసుకోలేదు. వెనుక నుండి చూస్తే అక్కడ నల్లటి మరక తప్ప ఏమీ తెలియదు. ఆ అబ్బాయి చిరిగిన చోట వెనుకవైపు ఒక తెల్లకాగితం ఆనించి స్కాన్ చేశాడు. తెర మీద చెయ్యి కనిపించింది. అక్కడక్కడ పెచ్చులు లేచిపోయాయి, రెండు వేళ్ళు లేవు. కాని గాజులు లెక్కపెట్టవచ్చు.

ఇంటికి వచ్చాక లాప్‌టాప్ మామ్మ దగ్గర పెట్టి, బొమ్మను పెద్దది చేసి చూపించాము. ఆమెకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయింది. గోడమీది ఫోటోలో మనుషులను చాలా ఏళ్ళుగా గుర్తుతోనే చూస్తున్నదని మాకప్పటికి తెలియదు. చెల్లెలి ముఖం తెర నిండా వచ్చేసరికి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ చీర నాది. ఫోటోకి కట్టుకుంటానని అడిగి తీసుకుంది. మళ్ళీ ఇవ్వలేదు" అన్నది. నలభై ఏళ్ళుగా మేము ఆ ఫోటో క్రింద భోజనాలు చేశాము. ఆ చీర సంగతి ఆరోజే విన్నాము.

ఇప్పుడు పని ఎలా చేయాలో చెబుతాము.

స్కానరు తెరిచినప్పుడు కంప్యూటరు అడిగే మొదటి ప్రశ్న డి.పి.ఐ. ఎంత అని. అంటే అంగుళానికి ఎన్ని చుక్కలని. ముగ్గు వేసే ఆడపిల్లలకు ఇది వేరే చెప్పనక్కరలేదు. అదే జాగాలో చుక్కలు ఎక్కువ పెడితే ముగ్గు సన్నగా, వివరంగా వస్తుంది. తక్కువ పెడితే మొరటుగా ఉంటుంది. వ్రాసిన కాగితాలకూ సర్టిఫికెట్లకూ 300 చాలు. ఫోటోలకు 600 పెట్టండి. పోస్టుకార్డంత ఫోటో, ఆరంగుళాలకు నాలుగంగుళాలది, 600 దగ్గర 3600 చుక్కల పొడవు, 2400 చుక్కల వెడల్పు వస్తుంది. మొత్తం 86 లక్షల చుక్కలు. పాస్‌పోర్టు ఫోటోలాంటి చిన్నదాన్ని పెద్దది చేయించాలనుకుంటే 1200 పెట్టండి. రెండంగుళాల ఫోటోను 300 దగ్గర చేస్తే 600 చుక్కలే కదా, అది మళ్ళీ రెండంగుళాలకే బాగుంటుంది. ఎనిమిదంగుళాలకు లాగితే చుక్కలు పలుచబడిపోతాయి. అదే 1200 దగ్గర చేస్తే ఎనిమిదంగుళాలకు సరిపోతుంది.

పెట్టె మీద వేలకు వేలు అంకెలు వేసి ఉంటాయి. వాటికి మోసపోకండి. ఆప్టికల్ అని వ్రాసిన అంకే అసలుది. మిగిలినవి కంప్యూటరు మధ్యలో ఊహించి పెట్టే చుక్కలు. ఫోటోలోనే లేని వివరాన్ని ఏ స్కానరూ పుట్టించలేదు.

నలుపు తెలుపు ఫోటోలను కూడా రంగులలోనే స్కాన్ చేయండి. పాత ఫోటో నిజానికి నలుపు తెలుపు కాదు. పసుపు తిరిగి ఉంటుంది, గోధుమరంగు మరకలుంటాయి. రంగులలో తీస్తే తరువాత ఆ మరకను వేరుచేసి తగ్గించడం సులభం. "ఆటోమేటిక్‌గా బాగుచేయాలా?" అని అడిగే గడులన్నీ తీసివేయండి. ముందు ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి. బాగుచేయడం తరువాత, అది కూడా కాపీ మీద. మా బంధువుల అబ్బాయి ఒకడు తాతగారి ఫోటోను ఫోనులో బాగుచేసి పంపాడు. ముడతలన్నీ పోయాయి, కళ్ళు మెరుస్తున్నాయి, ఎవరో సినిమా నటుడిలా ఉన్నాడు. తాతగారు మాత్రం లేడు. ఈమధ్య వచ్చిన యాప్‌లు లేని వివరాన్ని కల్పించి పెడతాయి. సరదాకి సరే. అసలు ప్రతిని మాత్రం ముట్టుకోనివ్వకండి.

దుమ్ము ఈ పనికి పెద్ద శత్రువు. అద్దం మీద ఒక నలుసు ఉంటే ప్రతి ఫోటోలోనూ అదే చోట మచ్చ పడుతుంది. మేము ముప్పై ఫోటోలు చేశాక చూసుకున్నాము, అందరి తలల మీదా ఒకే వెంట్రుక. మళ్ళీ మొదటి నుండి చేశాము. మెత్తని పాత నూలు గుడ్డతో తుడవండి. మరకలుంటే అద్దం తుడిచే మందును గుడ్డ మీద చల్లండి, అద్దం మీద చల్లకండి. అంచుల వెంట లోపలికి దిగితే తుడవడానికి చెయ్యి పట్టదు. ఫోటోను మెత్తని కుంచెతో దులపండి, తడిగుడ్డ వద్దు. చేతులకు నూనె లేకుండా కడుక్కుని, ఆరాక, అంచులు పట్టుకుని ఎత్తండి. మధ్యాహ్నం అప్పడాలు తింటూ చేసే పని కాదిది.

జిగురు గీతలున్న అట్టల మీద ప్లాస్టిక్ కాగితం కప్పి ఉండే ఆల్బములు ఒకప్పుడు ప్రతి పెళ్ళింట్లో ఉండేవి. వాటిలో ఫోటోలు అట్టకు పట్టుకుపోయి ఉంటే సన్నని గట్టి దారాన్ని ఫోటో వెనుకగా దూర్చి, అటూ ఇటూ మెల్లగా రంపంలా లాగితే కొన్ని వస్తాయి. రాకపోతే పుటతో సహా స్కానరు మీద పెట్టండి.

ఉత్తరాల విషయంలో ఒక చిట్కా. ఇన్‌లాండు కవర్లలో రెండు వైపులా వ్రాసి ఉంటుంది కదా. స్కాన్ చేస్తే వెనుక వ్రాత కూడా మసకగా కనిపించి చదవడం కష్టమవుతుంది. కాగితం వెనుక ఒక నల్ల అట్ట పెట్టి మూత వేయండి. వెనుక వ్రాత చాలావరకు మాయమవుతుంది. మామ్మకు ఆమె నాన్నగారు వ్రాసిన పదకొండు ఉత్తరాలను మేము ఇలాగే చేశాము. మడతల దగ్గర చిరిగిపోతున్నవాటిని ఇక విప్పే పని లేదు. చదవాలంటే తెర మీదే చదువుకుంటాము.

అచ్చు పుస్తకాల పుటలను స్కాన్ చేసి, వాటిలోని అక్షరాలను కంప్యూటరుతోనే గుర్తింపజేయవచ్చు. ఇప్పుడు తెలుగుకు కూడా టెసరాక్ట్ వంటివి ఉచితంగా ఉన్నాయి. తప్పులు వస్తాయి. ఒత్తుల దగ్గరా పాత అచ్చు దగ్గరా దిద్దుకోవాలి. చేతివ్రాతకు మాత్రం వాటిని నమ్ముకోవద్దు. కూర్చుని చూసి వ్రాసుకోవడమే. కళ్ళు కనిపించనివారికి పుస్తకం చదివి వినిపించడానికి 1976లోనే అమెరికాలో రే కర్జ్‌వైల్ అనే ఆయన ఒక యంత్రాన్ని తయారుచేశాడు. దానిలో పుట చదివే భాగం సి.సి.డి. కన్ను ఉన్న ఇటువంటి బల్ల స్కానరే. ఈ వస్తువు మొదటినుండీ దుకాణాల కోసమూ ఆఫీసుల కోసమూ మాత్రమే పుట్టినది కాదని చెప్పడానికి ఇది వ్రాస్తున్నాము.

అంతకంటే ముందు సంగతి మాకు ఇంకా నచ్చింది. కంప్యూటరులోకి ఎక్కిన తొలి ఫోటో ఏదో తెలుసా? ఒక పసిబిడ్డది. 1957లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు, తిరిగే డ్రమ్ముతో ఒక స్కానరు చేయించి, దాని మీద మూడు నెలల తన కొడుకు ఫోటో పెట్టాడు. అటు 176 చుక్కలు, ఇటు 176 చుక్కలు. అంతే. కొత్త యంత్రం చేతికి వస్తే ఇంట్లోవాళ్ళ ఫోటోయే గుర్తుకు రావడం మా ఒక్కరికే కాదన్నమాట. ఆయన 2020లో చనిపోయారు.

స్కాన్ చేసినదాన్ని దాచేటప్పుడు టిఫ్ అనీ జెపెగ్ అనీ రెండు రకాలు కనిపిస్తాయి. టిఫ్‌లో మొత్తం వివరం ఉంటుంది, స్థలం ఎక్కువ తింటుంది. జెపెగ్ కుదించి దాచుతుంది, ప్రతిసారి దిద్ది దాచినప్పుడల్లా కాస్త కాస్త నష్టపోతుంది. ఇంటిల్లిపాదికి ముఖ్యమైన పది ఇరవై ఫోటోలను టిఫ్‌లో ఉంచండి. మిగిలినవాటిని మంచి నాణ్యత పెట్టి జెపెగ్‌లో ఉంచితే చాలు. పాస్‌బుక్కులు, సర్టిఫికెట్లు, బాప్తిస్మపు పత్రాలు పి.డి.ఎఫ్.లో పెట్టుకోండి. ఈ కాగితాలను బజారులో నెట్ సెంటరులో స్కాన్ చేయించేవారు, పని అయ్యాక ఆ కంప్యూటరులో నుండి తీసివేయించి, చెత్తబుట్టలో నుండి కూడా తీసివేయించి రండి. ఆధార్ కాగితం, భూమి కాగితం ఊరివారందరి ముందు పడి ఉండకూడదు.

ఇక అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్న పని పేర్లు వ్రాయడం. స్కానరు ఒక్కొక్క ఫోటోకు నిమిషం తీసుకుంటే, "ఇదెవరు?" అనేదానికి మామ్మ అరగంట తీసుకునేది. మొదట్లో మాకు విసుగు. రోజుకు ఇరవై చేద్దామనుకుంటే నాలుగు కూడా అయ్యేవి కావు. తరువాత మేమే స్కానింగు ఆపి వినడం మొదలుపెట్టాము. ఫైలుకు సంవత్సరం, ఊరు, ఎడమ నుండి కుడికి పేర్లు పెట్టాము. సంవత్సరం తెలియకపోతే "ఉప్పెనకు ముందు" అని వ్రాశాము. మామ్మ కాలమంతా ఆ లెక్కలోనే ఉంటుంది. పాతరకం కాగితపు ఫోటోలైతే వెనుక అంచున మెత్తని పెన్సిలుతో, నొక్కకుండా వ్రాయండి. బాల్‌పెన్ను వద్దు. గీత ముందువైపుకు పొంగుతుంది, సిరా పక్క ఫోటోకు అంటుతుంది.

పేర్లు చెప్పగలిగినవారు ఇంట్లో ఉంటే, స్కానరు కొనేదాకా ఆగకండి. ఈ వారమే పెన్సిలు తీసుకుని కూర్చోండి. స్కానరు వచ్చే సంవత్సరమైనా దొరుకుతుంది.

మేము అన్నిటినీ ఒక హార్డ్‌డిస్కులో పెట్టి, ఇంకొక హార్డ్‌డిస్కును ఏలూరులో మా చెల్లెలు ఇంట్లో ఉంచాము. ఒకే ఇంట్లో రెండు ప్రతులుంటే ఉప్పెన వచ్చిననాడు రెండూ పోతాయి. పెన్‌డ్రైవ్ పంపడానికి పనికొస్తుంది గాని, ఏళ్ళ తరబడి దాచడానికి కాదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే చుక్కలు తగ్గించి పంపుతుంది. డాక్యుమెంటు అని పెట్టి పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది.

పాత స్కానరు ఎవరైనా ఊరికే ఇస్తే తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు. అయితే వాటికి కావలసిన ప్రోగ్రాములు క్రొత్త విండోసుకు చాలావాటికి రావు. వ్యూస్కాన్ అనే ప్రోగ్రాము పాతవాటిని అనేకం నడిపిస్తుంది, అది డబ్బిచ్చి కొనుక్కోవాలి. లినక్సు వాడేవారికి కొన్ని ఉచితంగానే నడుస్తాయి. అడుగున తాళపు మీట ఉంటే దాన్ని తీశాకే నడపండి. కొన్నిటికి ప్రయాణంలో కమ్మీ కదలకుండా ఆ మీట పెడతారు.

మా ఫోటోకు తిరిగి వస్తాము. దానిలో ఎడమవైపు చివర, సగం కనిపించీ కనిపించకుండా, ఒక కుర్రవాడు ఉన్నాడు. గోడమీది ఫోటోలో అతన్ని ఫ్రేము అంచు కప్పేసేది. స్కాన్‌లో బయటపడ్డాడు. "పక్కింటివాడు. ఫోటోగ్రాఫరు అవతలికి పొమ్మంటే పోలేదు" అన్నది మామ్మ. వాకబు చేస్తే రేపల్లెలో ఉన్నాడని తెలిసింది, అరవై దాటాయి. ఫోటో పంపాము. మరుసటి రోజే ఫోను చేశాడు. ఉప్పెనలో వాళ్ళ ఇల్లు గోడలతో సహా పోయిందట. చిన్నప్పటి ఫోటో ఒక్కటీ లేదట. "నన్ను ఒక్కడినే కోసి, కాస్త పెద్దది చేసి పంపగలరా? మనవలకు చూపిస్తాను" అని అడిగాడు.

అసలు ఫోటోలో అతని ముఖం పావు అంగుళం. 600 దగ్గర లెక్కవేస్తే 150 చుక్కలు. కిర్ష్ గారి పసిబిడ్డకు ఉన్నన్ని కూడా లేవు. విజయవాడ వెళ్ళి 2400 దగ్గర మళ్ళీ చేయించాము. చుక్కలు పెరిగాయి గాని ముఖం మారలేదు, ఎందుకంటే ఆ కాగితంలో అంతకుమించి లేదు. సరే, ఉన్నదాన్నే రెండంగుళాలు చేసి అచ్చు తీయించి పోస్టులో పంపాము. మసకగా ఉంది, ఏమీ అనుకోవద్దని చీటీ కూడా పెట్టాము.

వారం తరువాత ఫోను వచ్చింది. "కళ్ళూ ముక్కూ తెలియడం లేదమ్మా. కాని ఆ చొక్కా మా అన్నది. చేతులు మడిచి వేసుకునేవాణ్ణి. అది నేనే" అన్నాడు.